కర్బన అణువుల్లో ఆక్సిజన్‌ను చేర్చే లోహ ఉత్ప్రేరకాలు

కర్బన సమ్మేళనాల అణువుల్లోకి ఆక్సిజన్ పరమాణువులను చేర్చే చర్యలను వేగంగా నడిపిస్తూ, వాటిని కావలసిన దశలో నిలిపే లోహాలను, లోహ సమ్మేళనాలను ఆక్సీకరణ ఉత్ప్రేరకాలు అంటారు. వెండి, కోబాల్ట్, మాంగనీస్, వనేడియం, మాలిబ్డినం, టైటానియం, పల్లేడియం, ఆస్మియం, ఇనుము వీటిలో ముఖ్యమైనవి. పాలియెస్టర్ చీర, నైలాన్ తాడు, ప్లైవుడ్ జిగురు, కారు రేడియేటర్‌లో పోసే కూలెంట్, ఎసిడిటీకి వేసుకునే ఎసోమెప్రజోల్ మాత్ర, వీటన్నిటి తయారీలోనూ ఎక్కడో ఒకచోట ఈ ఉత్ప్రేరకాల పని ఉంది.

చర్యను నడపడం కన్నా ఆపడమే ఈ రంగంలో కష్టం. ఏ కర్బన పదార్థమైనా ఆక్సిజన్‌తో పూర్తిగా కలిస్తే చివరికి మిగిలేవి కార్బన్ డై ఆక్సైడ్, నీరు. ఎథిలీన్ నుంచి ఎథిలీన్ ఆక్సైడ్ తయారైనప్పుడు వెలువడే వేడి, అదే ఎథిలీన్ పూర్తిగా మండితే వచ్చే వేడిలో పన్నెండో వంతు కూడా ఉండదు. పైగా మధ్యలో ఏర్పడే పదార్థం చాలాసార్లు మొదటి పదార్థం కన్నా తేలిగ్గా ఆక్సీకరణం చెందుతుంది. అందుకే ఈ ఉత్ప్రేరకాల మంచిచెడ్డలను పరిశ్రమలో వేగంతో కాక వరణశీలతతో కొలుస్తారు. అంటే, ఖర్చయిన ముడిపదార్థంలో నూటికి ఎంత భాగం కావలసిన సరుకుగా మారింది, ఎంత పొగగొట్టం పాలైంది అన్న లెక్క.

ఆక్సిజన్ తటపటాయింపు

గాలిలో ఐదో వంతు ఆక్సిజనే అయినా మన చుట్టూ ఉన్న చెక్క, బట్ట, నూనె వాటంతట అవి అంటుకోవు. ఆక్సిజన్ అణువులో రెండు ఒంటరి ఎలక్ట్రాన్లు ఒకే దిశ స్పిన్‌తో ఉంటాయి. సాధారణ కర్బన అణువుల్లో ఎలక్ట్రాన్లన్నీ జంటలుగా ఉంటాయి. ఈ రెంటి మధ్య నేరుగా చర్య జరగాలంటే స్పిన్ మారాలి. అది క్వాంటమ్ నియమాల ప్రకారం సులభంగా జరిగే పని కాదు. భూమి మీద కర్బన జీవం ఆక్సిజన్ మధ్య బతకగలగడానికి ఈ అడ్డంకి ఒక ముఖ్య కారణం.

పరివర్తన లోహాలకు ఈ అడ్డంకి అంతగా వర్తించదు. వాటి డి-ఆర్బిటాళ్లలో తరచుగా ఒంటరి ఎలక్ట్రాన్లుంటాయి. ఆక్సీకరణ స్థితి ఒక మెట్టు, రెండు మెట్లు మారడం వాటికి మామూలే. ఆక్సిజన్‌ను అవి నాలుగు రకాలుగా అందిస్తాయి. కొన్ని స్వేచ్ఛా రాడికళ్ల గొలుసు చర్యను మొదలుపెట్టి తప్పుకుంటాయి. కొన్ని తమకు అంటుకున్న ఆక్సిజన్ పరమాణువును నేరుగా అప్పగిస్తాయి. కొన్ని ఆక్సైడ్లు తమ స్ఫటిక జాలకంలోని ఆక్సిజన్‌నే ఇచ్చేస్తాయి. మరికొన్ని నీటిలోని ఆక్సిజన్‌ను అణువులోకి చేరుస్తాయి. అణువులోకి చేరిన ఆక్సిజన్ ఎక్కడి నుంచి వచ్చిందన్న ప్రశ్నతో చూస్తే, ఈ విశాలమైన రంగానికి ఒక క్రమం కనబడుతుంది.

ప్లాటినం తీగ నుంచి వనేడియం వరకు

1817లో హంఫ్రీ డేవీ గని దీపాల మీద పని చేస్తూ ఒక వింత గమనించాడు. గాలి, మండే వాయువు కలిసిన మిశ్రమంలో వేడి ప్లాటినం తీగను ఉంచితే మంట లేకుండానే తీగ ఎర్రగా వెలుగుతూ ఉంది. కొన్నేళ్లకే ప్లాటినం పొడి మీద సారాయి ఎసిటిక్ ఆమ్లంగా మారుతుందని డోబరైనర్ చూపాడు. ఇలాంటి వింతలన్నిటినీ ఒకచోట చేర్చి 1835లో బెర్జీలియస్ ఉత్ప్రేరణ అన్న భావనను ప్రతిపాదించాడు. 1867లో ఆగస్ట్ హాఫ్మన్ మిథనాల్ ఆవిరిని గాలితో కలిపి వేడి ప్లాటినం మీదుగా పంపి ఫార్మాల్డిహైడ్ తీశాడు. ప్లైవుడ్ జిగురుకు ఆధారమైన ఈ రసాయనాన్ని ఇప్పుడు వెండి మీద గానీ, ఐరన్ మాలిబ్డేట్ మీద గానీ చేస్తారు.

నీలిమందు చరిత్రలో ఈ ఉత్ప్రేరకాల పాత్రను తెలుగు పాఠకులు కాస్త ఆగి చూడాలి. పంతొమ్మిదో శతాబ్దంలో కడప, నెల్లూరు ప్రాంతాల్లో నీలిమొక్క విస్తారంగా పండేది. కడప సరుకు 'కర్పా' పేరుతో విదేశీ మార్కెట్లలో అమ్ముడయ్యేది. జర్మనీలోని బీఏఎస్ఎఫ్ కంపెనీ నీలిని ఫ్యాక్టరీలో చేయాలని ఏళ్ల తరబడి డబ్బు పోసింది. దారి తెలుసు, కానీ మొదటి మెట్టే ఎక్కడం కష్టమైంది. చవకగా దొరికే నాఫ్తలీన్‌ను థాలిక్ ఆన్‌హైడ్రైడ్‌గా ఆక్సీకరించాలి. నాఫ్తలీన్ అంటే బీరువాల్లో వేసుకునే కలరా ఉండల పదార్థమే. 1896లో గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లంతో ఈ చర్య చేస్తుండగా థర్మామీటర్ పగిలి పాదరసం అందులో పడిందని, చర్య ఉన్నట్టుండి వేగం పుంజుకుందని రసాయన చరిత్రకారులు చెబుతారు. ఆ ప్రయోగం చేసినవాడు యూజెన్ సాపర్. పాదరసం ఆమ్లంలో కరిగి మెర్క్యూరిక్ సల్ఫేట్ అయింది, అదే ఉత్ప్రేరకం. మరుసటి ఏడాదే కృత్రిమ నీలి మార్కెట్‌కు వచ్చింది. మన నీలి సాగు కొన్నేళ్లలో కుప్పకూలింది. పగిలిన థర్మామీటర్ వల్లే కడప రైతు దెబ్బతిన్నాడనడం అతిశయోక్తి. వెనుక రెండు దశాబ్దాల పరిశోధన, పెట్టుబడి ఉన్నాయి. అయినా ఒక లోహం ఒక పంట తలరాతను ఇంత త్వరగా మార్చిన సందర్భాలు తక్కువ.

పాదరసం, గాఢామ్లం అవసరం మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో తీరిపోయింది. అమెరికాలో గిబ్స్, కోనోవర్, జర్మనీలో వోల్ దాదాపు ఒకే సమయంలో నాఫ్తలీన్ ఆవిరిని, గాలిని వనేడియం పెంటాక్సైడ్ మీదుగా పంపితే సరిపోతుందని కనుగొన్నారు. ఇప్పుడు నాఫ్తలీన్ స్థానంలో ఎక్కువగా ఆర్థో-జైలీన్, ఒట్టి వనేడియం బదులు టైటానియం డై ఆక్సైడ్ మీద పరచిన వనేడియం వాడుతున్నారు.

వనేడియం ఎలా పని చేస్తుందో 1954లో నెదర్లాండ్స్ శాస్త్రవేత్తలు మార్స్, వాన్ క్రెవెలెన్ వివరించారు. హైడ్రోకార్బన్‌తో కలిసే ఆక్సిజన్ గాలిలోది కాదు, ఆక్సైడ్ స్ఫటికంలోది. కొట్టువాడు ముందు తన అరలోని సరుకు ఇచ్చి, తర్వాత టోకు వ్యాపారి నుంచి తెచ్చి ఆ అర నింపుకున్నట్టు, జాలకంలో ఏర్పడిన ఖాళీని గాలిలోని ఆక్సిజన్ ఆ తర్వాత భర్తీ చేస్తుంది. అరలో ఉన్నంతే ఇవ్వగలదు కాబట్టి చర్య కొంతవరకు అదుపులో ఉంటుంది. ఈ సూత్రానికి గొప్ప ఉదాహరణ బ్యూటేన్ నుంచి మాలిక్ ఆన్‌హైడ్రైడ్ తయారీ. వనేడియం, ఫాస్ఫరస్, ఆక్సిజన్ కలిసిన ఒక ఘనపదార్థం మీద బ్యూటేన్ అణువు ఎనిమిది హైడ్రోజన్లు పోగొట్టుకుని, మూడు ఆక్సిజన్లు చేర్చుకుని, మొత్తం పద్నాలుగు ఎలక్ట్రాన్ల ఆక్సీకరణం పొంది కూడా నాలుగు కార్బన్లనూ నిలుపుకొంటుంది. మునుపు బెంజీన్ నుంచి చేసేటప్పుడు ఆరు కార్బన్లలో రెండు తప్పనిసరిగా కార్బన్ డై ఆక్సైడ్‌గా పోయేవి.

వెండి, ఎథిలీన్

ఎథిలీన్ ఆక్సైడ్ మూడు మూలల చిన్న ఉంగరం. నీటితో కలిపితే ఎథిలీన్ గ్లైకాల్ అవుతుంది. అక్కడి నుంచి పాలియెస్టర్, కూలెంట్. పాత పద్ధతిలో దీన్ని క్లోరిన్‌తో చేసేవారు, ఆ క్లోరిన్ అంతా పనికిరాని కాల్షియం క్లోరైడ్‌గా మిగిలేది. 1931లో ఫ్రాన్స్‌కు చెందిన థియోడర్ లఫోర్ వెండి మీద ఎథిలీన్‌ను నేరుగా ఆక్సిజన్‌తో కలపవచ్చని కనుగొన్నాడు. 1937లో యూనియన్ కార్బైడ్ ఈ పద్ధతితో ఉత్పత్తి మొదలుపెట్టింది. 1958లో షెల్ కంపెనీ గాలి బదులు స్వచ్ఛమైన ఆక్సిజన్ వాడడం మొదలెట్టింది.

ఎందుకు వెండే అన్న ప్రశ్న శాస్త్రవేత్తలను దశాబ్దాల పాటు వేధించింది. ప్లాటినం మీద ఎథిలీన్ కాలిపోతుంది, బంగారం ఆక్సిజన్ అణువును సులభంగా విడగొట్టదు. వెండి ఈ రెంటికీ మధ్యన ఉంటుంది. ఆక్సిజన్‌ను పట్టుకుంటుంది, కానీ గట్టిగా కాదు. ఒక ప్రసిద్ధ సిద్ధాంతం ప్రకారం, వెండి మీద వాలిన ఆక్సిజన్ అణువు ఒక పరమాణువును ఎథిలీన్‌కు ఇస్తుంది, మిగిలిన రెండో పరమాణువు ఇంకో ఎథిలీన్‌ను కాల్చడానికే పనికొస్తుంది. ఒక ఎథిలీన్ పూర్తిగా కాలడానికి ఆరు ఆక్సిజన్ పరమాణువులు కావాలి. కాబట్టి ఏడు ఎథిలీన్లలో ఆరే దక్కుతాయి, వరణశీలత 85.7 శాతం దాటదు. లెక్క ఎంతో అందంగా ఉంది, చాలా కాలం నమ్మారు కూడా. ఈలోగా పరిశ్రమలో సీజియం లవణాలు చేర్చి, వాయువులో పదిలక్షల్లో కొన్ని భాగాల మేరకు క్లోరిన్ సమ్మేళనాలు కలిపి వెండిని మెరుగుపరుస్తూ పోయారు. వరణశీలత ఆ గీతను దాటి 90 శాతం దగ్గరకు వెళ్లింది. సిద్ధాంతం కూలింది. మండిపోవడాన్ని అణచడానికి ఉత్ప్రేరకానికి కొద్దిగా విషం పెట్టడం, అంటే క్లోరిన్‌తో దాని చురుకును తగ్గించడం, ఈ పరిశ్రమ నేర్చుకున్న కిటుకు.

అదే వెండి ప్రొపిలీన్ దగ్గర విఫలమైంది. ప్రొపిలీన్‌లో జంటబంధం పక్కనున్న మిథైల్ సమూహపు హైడ్రోజన్లు బలహీనంగా ఉంటాయి. ఆక్సిజన్ జంటబంధాన్ని వదిలి ముందు వాటినే లాగుతుంది, ఆ తర్వాత అంతా మంటే. అందువల్ల ప్రొపిలీన్ ఆక్సైడ్‌కు వేరే దారులు వెతకాల్సి వచ్చింది. హైడ్రోపెరాక్సైడ్‌ను మాలిబ్డినంతో క్రియాశీలం చేయడం ఒక దారి. రెండోది టీఎస్-1. ఇసుకలాంటి సిలికా చట్రంలో అక్కడక్కడ టైటానియం పరమాణువును కూర్చిన ఈ స్ఫటికాన్ని 1983లో ఇటలీ పరిశోధకులు వెల్లడించారు. సన్నని రంధ్రాల్లో విడివిడిగా కూర్చున్న టైటానియం, నీళ్లలాంటి హైడ్రోజన్ పెరాక్సైడ్ ద్రావణంతో మామూలు వెచ్చదనంలోనే పని చేస్తుంది, వ్యర్థంగా మిగిలేది నీరే. 2008లో బెల్జియంలో బీఏఎస్ఎఫ్, డౌ కంపెనీలు కలిసి, దక్షిణ కొరియాలో మరో సంస్థ ఈ పద్ధతిలో పెద్ద ప్లాంట్లు తెరిచాయి. మన దేశంలో పుణేలోని జాతీయ రసాయన ప్రయోగశాల ఈ తరహా టైటానియం, వనేడియం సిలికేట్ల మీద విస్తృతంగా పరిశోధించింది.

కోబాల్ట్ గొలుసులు

ఎనామెల్ రంగు వేసిన తలుపు మర్నాటికి గట్టిపడడం ఆరిపోవడం వల్ల మాత్రమే కాదు. రంగులోని నూనె గాలిలోని ఆక్సిజన్‌ను పీల్చుకుని గొలుసులుగా అల్లుకుంటుంది. దాన్ని తొందరపెట్టేది డబ్బాలో కొద్దిగా కలిపిన కోబాల్ట్ లవణం. నూనె అణువు మీద ఏర్పడిన హైడ్రోపెరాక్సైడ్‌ను కోబాల్ట్ ఒక ఎలక్ట్రాన్ ఇచ్చి ఒక రకం రాడికల్‌గా, ఒక ఎలక్ట్రాన్ తీసుకుని ఇంకో రకం రాడికల్‌గా విడగొడుతుంది. తాను రెండు, మూడు ధనావేశాల మధ్య అటూ ఇటూ ఊగుతూ గొలుసును నడిపిస్తుంది. నూనెలో లేశమాత్రపు రాగి, ఇనుము చేరితే త్వరగా చిక్కువాసన కొట్టడం వెనుకా ఇదే రసాయనం ఉంది.

రాడికళ్లకు విచక్షణ తక్కువ. సైక్లోహెక్సేన్‌ను గాలితో ఆక్సీకరించి నైలాన్‌కు ముడిసరుకు చేసే పద్ధతిలో ఒక విడతలో నూటికి నాలుగైదు భాగాలు మారగానే చర్యను ఆపేస్తారు. ఇంకా సాగిస్తే ఏర్పడిన ఆల్కహాల్, కీటోన్ కూడా విరిగిపోతాయి. మిగిలిన తొంభై అయిదు పాళ్లను వేరు చేసి మళ్లీ మళ్లీ తిప్పాలి. అంటే చిన్న ఉత్పత్తికి కూడా పెద్ద మోతాదులో వేడి ద్రవం పీడనం కింద ప్లాంటులో తిరుగుతూనే ఉండాలి. 1974 జూన్ 1న ఇంగ్లండ్‌లోని ఫ్లిక్స్‌బరోలో ఇలాంటి ప్లాంటులోనే ఒక రియాక్టర్‌ను తీసేసి, దాని స్థానంలో తాత్కాలికంగా అమర్చిన గొట్టం విరిగి సైక్లోహెక్సేన్ మేఘం పేలింది. 28 మంది చనిపోయారు. విచారణలో తప్పంతా గొట్టం అమరికలో తేలింది. కానీ అంత ద్రవం అక్కడ ఉండడానికి మూలం ఈ చర్య తక్కువ మార్పిడి దగ్గరే ఆగాల్సి రావడంలో ఉంది.

ఇదే కోబాల్ట్, మాంగనీస్, బ్రోమైడ్‌ల తోడుతో పారా-జైలీన్‌ను టెరెఫ్తాలిక్ ఆమ్లంగా మార్చేటప్పుడు మాత్రం 95 శాతం పైగా దిగుబడి ఇస్తుంది. కారణం సులభం. ఇక్కడ వచ్చే ఆమ్లం ఇంకా ఆక్సీకరణం చెందడానికి మొరాయిస్తుంది, ద్రావణంలో కరగక స్ఫటికాలుగా బయటపడుతుంది. కష్టం మధ్యలో ఉంది. జైలీన్‌లోని రెండు మిథైల్ సమూహాల్లో మొదటిది ఆమ్లం కాగానే రెండోది మొండికేస్తుంది. దాని హైడ్రోజన్‌ను లాగడానికి బ్రోమిన్ పరమాణువు కావాలి. 1950ల మధ్యలో అమెరికాలో దొరికిన ఈ పరిష్కారమే ప్రపంచ పాలియెస్టర్ పరిశ్రమకు పునాది. వేడి ఎసిటిక్ ఆమ్లం, బ్రోమైడ్ కలిస్తే మామూలు ఉక్కు నిలవదు కనుక రియాక్టర్ల లోపలి గోడలకు టైటానియం తొడుగు వేస్తారు.

నీటిలోని ఆక్సిజన్

ఎథిలీన్‌ను పల్లేడియం క్లోరైడ్ ద్రావణంలోకి పంపితే ఎసిటాల్డిహైడ్ వస్తుందని, పల్లేడియం నల్లని పొడిగా దిగిపోతుందని 1894లోనే ఎఫ్.సి. ఫిలిప్స్ గమనించాడు. ఖరీదైన లోహం ఒక్కసారికే అయిపోతే ఎవరికి లాభం? ఆ గమనిక అరవై ఏళ్లు మూలపడి ఉంది. 1950ల చివర మ్యూనిక్‌లోని వాకర్ కంపెనీ పరిశోధనశాలలో యుర్గెన్ స్మిట్ బృందం అందులో రాగి క్లోరైడ్ చేర్చింది. రాగి పల్లేడియంను మళ్లీ క్రియాశీల స్థితికి తెస్తుంది, గాలిలోని ఆక్సిజన్ రాగిని దాని పాత స్థితికి తెస్తుంది. ఎసిటాల్డిహైడ్‌లో చేరే ఆక్సిజన్ మాత్రం నీటిది. గాలి పాత్ర ఎలక్ట్రాన్లను స్వీకరించడం వరకే. దహనానికి దారి తీసే ఆక్సిజన్ రూపాలు ఎథిలీన్‌కు ఎదురుపడవు కాబట్టే వాకర్ పద్ధతి దిగుబడి బాగుంటుంది. తర్వాత మిథనాల్ నుంచి ఎసిటిక్ ఆమ్లం తీసే పద్ధతి రావడంతో ఎసిటాల్డిహైడ్ గిరాకీ తగ్గింది గానీ, ప్రయోగశాలల్లో ఈ చర్య ఇప్పటికీ నిత్యం వాడుకలో ఉంది.

టార్టారిక్ ఆమ్లం తోడుగా

చింతపండు పులుపుకు కారణమైన టార్టారిక్ ఆమ్లం ఈ చరిత్రలో రెండు చోట్ల కనిపిస్తుంది. మొదటిసారి బాధితురాలిగా. కేంబ్రిడ్జ్‌లో హెచ్.జె.హెచ్. ఫెంటన్ ఇనుప లవణం, హైడ్రోజన్ పెరాక్సైడ్ కలిపి టార్టారిక్ ఆమ్లాన్ని ఆక్సీకరించి, క్షారం చేర్చితే ఊదారంగు వస్తుందని చూశాడు. 1894లో పూర్తి పత్రం వెలువరించాడు. ఆ మిశ్రమంలో పుట్టేది హైడ్రాక్సిల్ రాడికల్ అని 1934లో హాబర్, వైస్ చెప్పారు. ఎదురైన దేన్నైనా పీల్చి పిప్పి చేసే ఈ రాడికల్‌తో కర్బన సంశ్లేషణ చేయడం కష్టం. ఫ్యాక్టరీల మురుగునీటిలోని మొండి రసాయనాలను విరగ్గొట్టడానికి మాత్రం ఫెంటన్ మిశ్రమం భేషుగ్గా పనికొస్తుంది.

రెండోసారి మార్గదర్శిగా. చాలా మందుల అణువులకు కుడి, ఎడమ చేతుల్లాంటి రెండు రూపాలుంటాయి. శరీరం వాటిని వేరువేరుగా చూస్తుంది. 1980లో బారీ షార్ప్‌లెస్, సుతోము కత్సుకీ టైటానియం సమ్మేళనానికి టార్టారిక్ ఆమ్లపు ఎస్టర్‌ను జోడించి, ఆల్లైల్ ఆల్కహాళ్ల జంటబంధానికి ఒక వైపు నుంచే ఆక్సిజన్ చేరేలా చేశారు. ఏ చేతివాటపు టార్ట్రేట్ వాడితే ఆ వైపు. మొదట్లో టైటానియం సమాన మోతాదులో కావాల్సి వచ్చేది. తేమను పీల్చే మాలిక్యులర్ సీవ్స్ వేయడంతో నూటికి అయిదు, పది పాళ్లకు తగ్గింది. 2001 రసాయన నోబెల్‌లో సగభాగం షార్ప్‌లెస్‌కు ఈ రకం ఆక్సీకరణలకే దక్కింది.

ఈ మిశ్రమంలో చిన్న మార్పు చేసి సల్ఫర్ మీద ఆక్సిజన్‌ను ఒకే వైపు చేర్చవచ్చని 1984లో ఫ్రాన్స్‌లో కగాన్ చూపాడు. ఎసోమెప్రజోల్ తయారీ దాని మీదే ఆధారపడింది. ఈ మందు చేసే కంపెనీల్లో హైదరాబాద్ సంస్థలూ ఉన్నాయి. 1990ల తొలినాళ్లలో ఎరిక్ జేకబ్సన్ మాంగనీస్ సాలెన్ సమ్మేళనంతో, బట్టలకు వాడే బ్లీచ్ రసాయనాన్నే ఆక్సిజన్ వనరుగా తీసుకుని, ఆల్కహాల్ సమూహం లేని జంటబంధాలకు కూడా ఒకే వైపు నుంచి ఆక్సిజన్ చేర్చగలిగాడు. ఎయిడ్స్ మందు ఇండినవీర్‌లోని ఒక ముక్క ఆ దారిలో వచ్చింది.

జంటబంధానికి రెండు హైడ్రాక్సిల్ సమూహాలను ఒకే పక్క చేర్చడంలో ఆస్మియం టెట్రాక్సైడ్‌కు సాటి లేదు. సింకోనా చెట్టు ఆల్కలాయిడ్లతో దాన్ని ఒకే చేతివాటానికి మళ్లించే పద్ధతి కూడా షార్ప్‌లెస్ బృందానిదే. కానీ ఆస్మియం చాలా ఖరీదు, దాని ఆవిరి కళ్లను దెబ్బతీస్తుంది, మందులో లేశం మిగిలినా ఒప్పుకోరు. ఈ ఇబ్బంది మీద హైదరాబాద్ తార్నాకలోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థ (ఐఐసీటీ)లో బి.ఎం. చౌదరి, ఎం. లక్ష్మీకాంతం, వారి సహచరులు చేసిన పని అంతర్జాతీయంగా గుర్తింపు పొందింది. పొరలు పొరలుగా ఉండే మెగ్నీషియం, అల్యూమినియం హైడ్రాక్సైడ్ల మీద అయాన్ల మార్పిడి ద్వారా ఆస్మేట్‌ను నిలిపి, చర్య ముగిశాక వడకట్టి మళ్లీ వాడుకోవచ్చని 2001లో చూపారు. అంతకు పదేళ్ల ముందే ఈ సంస్థలో షార్ప్‌లెస్ ఎపాక్సీకరణకు బంకమట్టి పొరల మధ్య టైటానియంను నిలిపిన ఉత్ప్రేరకం చేశారు. ద్రావణంలో కరిగే సజాతీయ ఉత్ప్రేరకం చురుకునూ, కరగని విజాతీయ ఉత్ప్రేరకం వడపోత సౌలభ్యాన్నీ ఒకచోట కలిపే ఈ ప్రయత్నాలు ప్రయోగశాలల్లో చూపినంత వాడుక పరిశ్రమలో పొందలేదన్నది ఈ రంగమంతటికీ వర్తించే మాట.

కాలేయంలో ఇనుము

మనిషి జన్యువుల్లో ఇనుమున్న సైటోక్రోమ్ పి-450 ఎంజైములవి 57 ఉన్నాయి. 1958లో కాలేయ కణాల్లో ఒక వింత వర్ణకంగా కనిపించి, కార్బన్ మోనాక్సైడ్ తగిలితే 450 నానోమీటర్ల దగ్గర కాంతిని పీల్చడం వల్ల ఈ పేరు పొందాయి. మనం మింగే మందుల్లో అధికభాగాన్ని నీటిలో కరిగేలా చేసి బయటకు పంపే పని వీటిదే. ఆక్సిజన్ అణువును విడగొట్టి ఒక పరమాణువును నీరుగా మార్చి, రెండోదాన్ని ఇనుము మీద నిలబెట్టుకుంటాయి. ఆ ఇనుము-ఆక్సిజన్ రూపం కార్బన్ నుంచి హైడ్రోజన్‌ను లాగి, మరుక్షణమే హైడ్రాక్సిల్‌గా దాన్ని తిరిగి అంటిస్తుంది. ఈ క్రమాన్ని 1970లలో జాన్ గ్రోవ్స్ ప్రతిపాదించాడు. అసలైన క్రియాశీల రూపాన్ని స్పష్టంగా పట్టుకోవడం 2010 దాకా కుదరలేదు. వీటి తొలి స్ఫటిక నిర్మాణం 1980ల మధ్యలో కర్పూరాన్ని ఆహారంగా వాడుకోగల ఒక బ్యాక్టీరియా ఎంజైముది. కర్పూరం అణువులో ఎన్నో కార్బన్లుండగా ఒక నిర్దిష్టమైన దాని మీదే, ఒక నిర్దిష్టమైన దిశలోనే హైడ్రాక్సిల్ చేరుతుంది, ఎందుకంటే ఎంజైము అణువును ఆ భంగిమలోనే పట్టి ఉంచుతుంది. ఎంజైము లేకుండా అలాంటి ఎంపిక సాధించడం మీద ఇప్పుడు ముమ్మరంగా పని జరుగుతోంది. 2007లో క్రిస్టినా వైట్ బృందం చేసిన ఇనుము సమ్మేళనం ఆ దిశలో పెద్ద అడుగు.

మిథేన్ దగ్గర

అన్నిటికన్నా సరళమైన అణువు అన్నిటికన్నా మొండిది. మిథేన్‌లోని కార్బన్-హైడ్రోజన్ బంధాన్ని తెంచడానికి మోల్‌కు 439 కిలోజౌళ్లు కావాలి. దాని నుంచి వచ్చే మిథనాల్‌లో అదే బంధం అంతకన్నా బలహీనం. అందుకని మిథేన్‌ను ఆక్సీకరించగల దాదాపు ఏ పరిస్థితీ మిథనాల్‌ను వదిలిపెట్టదు. చిత్తడి నేలల్లో, వరి పొలాల్లో బతికే కొన్ని బ్యాక్టీరియాలు రాగి లేదా రెండు ఇనుప పరమాణువులున్న ఎంజైములతో మామూలు వాతావరణంలోనే మిథేన్‌ను మిథనాల్‌గా మారుస్తాయి. పరిశ్రమ మాత్రం మిథేన్‌ను 800 డిగ్రీల సెల్సియస్ పైన నీటి ఆవిరితో విరగ్గొట్టి, కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోజన్‌గా మార్చి, మళ్లీ రాగి ఉత్ప్రేరకం మీద మిథనాల్‌గా కూర్చుకుంటోంది.

1970ల తొలినాళ్లలో సోవియట్ శాస్త్రవేత్త అలెగ్జాండర్ షిలోవ్ ప్లాటినం లవణాలు నీటిలో మిథేన్‌ను ఆక్సీకరించగలవని చూపాడు. ప్లాటినమే ఖర్చయ్యేది గనుక అది ఆచరణకు దూరంగా ఉండిపోయింది. 1998లో రాయ్ పెరియానా బృందం ప్లాటినంకు బైపిరిమిడీన్ జోడించి, పొగలు కక్కే సల్ఫ్యూరిక్ ఆమ్లంలో 220 డిగ్రీల దగ్గర 70 శాతానికి పైగా దిగుబడి సాధించింది. ఇక్కడ మిథనాల్ నేరుగా రాదు. మిథైల్ బైసల్ఫేట్ రూపంలో ఆమ్లం దాన్ని కప్పి ఉంచుతుంది, ఆ కప్పు ఉన్నంతసేపు ఇంకో ఆక్సీకరణం జరగదు. ఆక్సిజన్‌ను సల్ఫర్ ట్రై ఆక్సైడ్ ఇస్తుంది. అయితే చర్యలో పుట్టే నీరు ఆమ్లాన్ని పలుచన చేసి ఉత్ప్రేరకాన్ని మందగింపజేస్తుంది. బైసల్ఫేట్‌ను నీటితో విడగొట్టి మిథనాల్ వేరు చేయడానికి, పలుచబడిన ఆమ్లాన్ని మళ్లీ చిక్కబరచడానికి అయ్యే ఖర్చు ఈ పద్ధతిని ఫ్యాక్టరీ గడప దాటనివ్వలేదు.